సున్నపు తేట

మఠంపల్లి రోడ్డు మీది ఫ్యాక్టరీలో
పూటకు నలభై రాళ్లకు
యాసిడ్ చుక్క వేయడం నా పని.
రాయి బుసబుసమంటుంది.
ఆ బుసను శాతంగా కాగితం మీద రాసి
కింద సంతకం పెడతాను:
చింతల సైదేశ్వరి, రెండో షిఫ్టు.

రాయి అంటాం గానీ
అది పక్కకు పెట్టిన గాలి.
గవ్వ అనేదే ఇంకా పుట్టని కాలంలో
ఈ పత్తిచేల మీద, హుజూర్‌నగర్ బస్టాండు మీద
లోతులేని సముద్రం ఒకటి నిలబడి
పైనున్న బొగ్గుపులుసు గాలిని గుటకలేస్తూ
అడుగున అట్టు మీద అట్టు పరిచిపోయింది.
మళ్లీ వచ్చి లెక్క చూసుకోలేదు.

మా నాయనమ్మ ఈరమ్మకు సముద్రం సంగతి తెలవదు.
ఆమెకు తెలిసింది బట్టీ.
రాయి ఒక వరస, బొగ్గు ఒక వరస,
మూడు రాత్రుల మంట.
"రాయిల పానం పోతెనే సున్నమైతది బిడ్డా."
ఎటు పోతదే? అంటే
బట్టీ మీద వణికే గాలిని గడ్డంతో చూపించేది.
పదో తరగతిలో లెక్క కట్టి చూస్తే
ఆమె మాటలో తప్పు లేదు.
క్వింటా రాయికి నలభై నాలుగు కిలోల పానం.

సున్నం కొట్టిన గోడకు ఆనుకుంటే కసిరేది.
"ఇంక గాలి తాగుతుంది, తాగనీ."
తడి ఆరినా గోడకు దాహం తీరదు.
బట్టీలో పోగొట్టుకున్నదాన్నే
గాలిలోంచి ఏరుకొని ఏరుకొని
సున్నం తిరిగి రాయవుతుంది.
మా ఇంట్లో నేను పడుకున్నది
గోటి మందం సముద్రాల నడుమ.

వహీదా టీచర్ ఒక మధ్యాహ్నం
గాజు గ్లాసులో సున్నపు తేట పోసి
ఆముదపాకు కాడ చేతికిచ్చింది.
ఊదు, అంది.
ఊదాను. తేట పాలయింది.
క్లాసంతా చప్పట్లు.
నా ఊపిరి కాసింత రాయి అయిందని
నాకు చెప్పలేనంత గర్వం.

"ఆపకు. ఇంకా ఊదు."

దవడలు నొప్పి పుట్టేదాకా ఊదాను.
పాలు పలచబడ్డాయి,
మసకయ్యాయి,
మళ్లీ తేట.
నేను చేసిన రాయిని నేనే కరిగించుకున్నాను.
ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
టీచర్ గ్లాసును కిటికీలో పెట్టి
అవతల చూస్తూ ఉండిపోయింది.

సముద్రాన్ని నేను ఇంతవరకు చూడలేదు.
మట్టపల్లి రేవులో కృష్ణను చూశాను,
అటే పోతున్న నీళ్లు.
మన పొగలో నాలుగో పాలు
అది తీసుకుంటుందట.
కౌలు కాగితం లేదు, పెద్దమనుషులు లేరు,
ఇంటికొచ్చే పంట ఒట్టి పులుపు.
బొగ్గుపులుసు అని పేరు పెట్టినవాళ్లు
ఆ రెండో మాటను
ఊరికే పెట్టలేదు.
అక్కడ ఏదో గవ్వ,
ఇల్లు కట్టుకుంటూ కట్టుకుంటూ
గోడ ఎందుకు నిలవడం లేదని
ఈ పూట కూడా ఆగి ఉంటుంది.

గేటు బయట జాంగీర్
గోలీసోడా తడిగోనె కింద దాస్తాడు.
"ఎండల పెడితే ఏముంటదమ్మా,
గ్యాసు పోతది, నీళ్లు మిగుల్తయ్."
వేడెక్కిన సముద్రం కూడా
ఇంతే పట్టుకుంటుందని
అతనికి చెప్పబోయాను.
గోలీ కొట్టి సీసా నా చేతిలో పెట్టాడు.
తాగేశాను.

రాత్రి పది.
మూడో షిఫ్టు వాళ్ల టిఫిన్ల చప్పుడు.
బల్ల మీద చివరి రాయి,
బూడిదరంగు, అంచుకు సన్నటి చారలు,
ఏ అలకు ఏ చారో.
డ్రాపర్ ఎత్తి
చాలాసేపు పట్టుకున్నాను.

కాగితం మీద ముప్పై తొమ్మిది అని రాశాను.
నలభయ్యోది
నాయనమ్మ సున్నపుకాయ పక్కన, గూట్లో ఉంది.
రేపు మేనేజర్ అడుగుతాడు.